524287: ఉదయగిరి, ఆత్మకూరు పిన్‌కోడ్ల నడుమ ఒక ప్రధాన సంఖ్య

524287 ఒక మెర్సెన్ ప్రధాన సంఖ్య, అంటే 2 యొక్క ఏదో ఒక ఘాతంలో ఒకటి తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్య. 2 యొక్క 19వ ఘాతం 524288. అందులో ఒకటి తీసేస్తే ఇది వస్తుంది. నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని ఉదయగిరి పిన్‌కోడ్ 524226, ఆత్మకూరు పిన్‌కోడ్ 524322. ఈ సంఖ్య ఆ రెంటి మధ్య పడింది. ఆరంకెల సంఖ్యలన్నీ గాలించినా మెర్సెన్ ప్రధాన సంఖ్యలు 131071, 524287 అనే రెండే దొరుకుతాయి. పిన్‌కోడ్ ఉత్తరాల బట్వాడాకు పెట్టుకున్న గుర్తే కదా, దానికీ గణితానికీ ఏం సంబంధం అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. 1972 ఆగస్టు 15న ఈ పద్ధతి మొదలైనప్పుడు తపాలా శాఖ వేరే అంకెలు కేటాయించి ఉంటే ఈ ఇరుగుపొరుగు ఉండేదే కాదు. 524226ను 2×3×41×2131గా విడగొట్టినంత మాత్రాన ఉదయగిరి గురించి కొత్తగా తెలిసేదేమీ లేదు. 524287 ప్రధాన సంఖ్య కావడం మాత్రం ఎవరి కేటాయింపూ కాదు. దానికి కారణం ఉంది, ఆ కారణాన్ని కాగితం మీద నిరూపించవచ్చు.

19 ప్రధాన సంఖ్య కాబట్టి ఇదీ ప్రధాన సంఖ్యే అనుకుంటే పొరపాటు. 11 కూడా ప్రధాన సంఖ్యే. అయినా 2 యొక్క 11వ ఘాతంలో ఒకటి తీసేస్తే వచ్చే 2047 సరిగ్గా 23×89. కనుక పరీక్ష తప్పదు. 524287 వర్గమూలం 724 కంటే రవ్వంత ఎక్కువ; అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలు 128, వాటన్నిటితోనూ భాగించి చూడాలి. ఇటలీ గణితవేత్త పియెత్రో కతాల్ది 1588లో ఇలా వరసగా భాగించుకుంటూ పోయే దారిలోనే దీన్ని తేల్చాడు. గణితవేత్త ఫెర్మా సిద్ధాంతం ఆ శ్రమను ఎంతో తగ్గిస్తుంది. దీనికి ప్రధాన భాజకం ఏదైనా ఉంటే దాన్ని 38తో భాగించినప్పుడు శేషం 1 రావాలి. 724 లోపు అలాంటి ప్రధాన సంఖ్యలు ఆరే: 191, 229, 419, 457, 571, 647. పైగా ఆ భాజకాన్ని 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ అయి తీరాలి. ఆ నియమంతో 229, 419, 571 రాలిపోయి మూడే మిగులుతాయి. 524287ను 191తో భాగిస్తే శేషం 183, 457తో 108, 647తో 217. ఏదీ సున్నా కాదు కాబట్టి ఇది ప్రధాన సంఖ్యే.

కంప్యూటరు రెప్పపాటులో చెప్పేదానికి ఇంత తంటా ఎందుకంటారు కొందరు. కంప్యూటరు 128 భాగహారాలూ చేసి అవునంటుంది. వాటిలో 125 ఎందుకు అనవసరమో ఆ జవాబులో ఉండదు. ఆ ఎరుక విలువ కతాల్ది విషయంలోనే కనిపిస్తుంది. 23వ ఘాతంతో వచ్చే 8388607 కూడా ప్రధాన సంఖ్యేనని ఆయన చెప్పాడు. ఫెర్మా 1640లో అది తప్పని తేల్చాడు. అక్కడ భాజకాన్ని 46తో భాగిస్తే శేషం 1 రావాలి గనుక మొట్టమొదట చూడాల్సింది 47. 8388607 దానితోనే నిశ్శేషంగా భాగింపబడుతుంది.

524287ను 262144తో గుణిస్తే ఏడవ పరిపూర్ణ సంఖ్య వస్తుంది: 13,743 కోట్ల 86 లక్షల 91 వేల 328. తనను మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్లీ అదే సంఖ్య వస్తుంది. ఉదయగిరి, ఆత్మకూరు బడుల్లో లెక్కలు చెప్పే ఉపాధ్యాయులు 191, 457, 647లతో ఆ మూడు భాగహారాలూ ఒకసారి నల్లబల్ల మీద పిల్లల చేత చేయించాలి.