53ఎన్ సీసా

1902 అక్టోబర్ 30. పంజాబ్‌లోని ముల్కోవాల్ గ్రామంలో ఆ రోజు 107 మంది ప్లేగు టీకా వేయించుకున్నారు. వారం తిరిగేసరికి వారిలో 19 మందికి దవడలు బిగుసుకుపోయాయి. ధనుర్వాతం! ఒక్కరూ దక్కలేదు. ఆ 19 మందికీ మందు ఒకే సీసాలోంచి తీశారు. దాని నంబరు 53ఎన్.

టీకా కనిపెట్టిన వాల్డెమార్ హాఫ్‌కిన్ ఒడెస్సాలో పుట్టిన యూదుడు. 1896లో ప్లేగు బొంబాయిని పట్టి పీడిస్తుంటే గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక ఇరుకు గదిలో కూర్చుని మూడు నెలల్లో మందు తయారుచేశారు. 1897 జనవరి 10న మొదటి సూది తన ఒంటికే వేయించుకున్నారు, అదీ తర్వాత జనానికి ఇచ్చినదానికన్నా ఎక్కువ మోతాదులో. జ్వరం వచ్చింది, తగ్గింది. ఆపై ఖోజా ముస్లింల గురువు, ఇరవై ఏళ్లయినా నిండని ఆగాఖాన్, తన వాళ్లందరూ చూస్తుండగా చొక్కా చెయ్యి మడిచారు. వేలమంది ఖోజాలు ఆయన వెనకే నడిచారు. వాళ్లెవరూ లెక్కల పట్టికలు చదివి రాలేదు. తమ మనిషికి ఏమీ కాలేదని కళ్లారా చూసి వచ్చారు.

అదే ఏడు పుణెలో జరిగింది చూడండి. ప్లేగు కమిటీ అధ్యక్షుడు రాండ్ ఇళ్ల సోదాకు సైనికులను పంపాడు. బూటుకాళ్లతో వంటిళ్లలోకీ దేవుడి గదుల్లోకీ చొరబడ్డారు. ఆడవాళ్లను పరాయి మగవాళ్లు పరీక్షించారు. జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులనే యువకులు రాండ్‌ను కాల్చారు. వైద్యం పేరిట పరువు తీసే సర్కారు రేపు మంచి మందే తెచ్చినా, ఆ చేతిని ఎవరు నమ్ముతారు?

ఇంత అపనమ్మకం నడుమ ముల్కోవాల్ వచ్చిపడింది. తప్పు మందు తయారైన ప్రయోగశాలదేనని సర్కారు తేల్చి, హాఫ్‌కిన్‌ను పక్కన పెట్టింది. సాక్ష్యం మాత్రం మరో దారి చూపింది. సీసా మూత తీసే పటకారు నేల మీద పడితే, సహాయకుడు దాన్ని సరిగ్గా శుద్ధి చేయకుండానే వాడాడు. ధనుర్వాతం క్రిములు సీసాలో వారాల తరబడి పెరిగి ఉంటే మూత తీయగానే దుర్వాసన కొట్టాలి. తెరిచిన డాక్టరుకు ఏ వాసనా తగల్లేదు. అంటే మట్టి అప్పుడే, ఆ ఊళ్లోనే అంటుకుందన్నమాట.

ఇంత తేటతెల్లమైన సంగతిని దాచిపెట్టడమే నా దృష్టిలో అసలు నేరం. విచారణ పత్రాలు బయటికి రావడానికి 1906 దాకా పట్టింది. 1907లో రోనాల్డ్ రాస్, మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన ఆ రాసే, మరికొందరు శాస్త్రజ్ఞులతో కలిసి లండన్ టైమ్స్‌కు లేఖ రాశారు. పార్లమెంటులోనూ ప్రశ్నలు లేచాయి. ఆ నవంబరులో హాఫ్‌కిన్ నిర్దోషి అన్నారు. పనిచేయడానికి కలకత్తా పంపారు.

ముల్కోవాల్ తర్వాత పంజాబ్‌లో టీకా కార్యక్రమం బాగా కుంగిపోయింది. హాఫ్‌కిన్ నిర్దోషిగా తేలిన ఆ ఒక్క 1907లోనే పంజాబ్‌లో ప్లేగుకు 6 లక్షల మందికి పైగా బలయ్యారు.