ఎవరి సింగారం, ఎవరి రాత్రి?

భోగినాడు తెల్లవారకముందే మా పెరట్లో కాగు కింద మంట వేసేవారు. ఒళ్ళంతా నువ్వులనూనె పట్టించి, పెసరపిండి, పసుపు, బావంచాలు కలిపిన నలుగుపిండితో మా నాయనమ్మ పిల్లలందరికీ వరసగా తలంటి పోసేది. తమ్ముడిని నాలుగు చెంబులతో వదిలేసేది. నా వంతు వచ్చేసరికి ఆవిడ చెయ్యి బరువెక్కేది. "ఓర్సుకోయే గుంటా. రంగు తేలకపోతే రేప్పొద్దున్న నిన్నెవులు సేసుకుంతారు?" అనేది. చలికి పగిలిన చర్మం మీద ఆ పిండి భగ్గున మండేది. నేను ఏడుస్తుంటే మా అమ్మ మొహం తిప్పుకుని పొయ్యిలోకి పిడకలు తోసేది.

నాయనమ్మ ప్రేమలేని మనిషేం కాదు. చలికాలమంతా నా కాళ్ళకు ఆముదం రాసి, తన పాత చీరలతో కుట్టిన బొంత కప్పి పడుకోబెట్టింది ఆవిడే. అందుకే ఆ స్నానాన్ని తలుచుకుంటే నాకు కోపమూ బెంగా కలిసే వస్తాయి. ఆడపిల్ల ఒంటికి జరిగే ఈ సేవంతా ఎవరి కోసం? ఒళ్ళు మెరిసేలా తోమించుకుని కొత్త బట్టలు కట్టుకున్న పిల్ల, ఆ సింగారంతో ఎక్కడి దాకా వెళ్ళగలదు? ఎన్ని గంటల దాకా బయట ఉండగలదు? పండగ వంటలనూ ముగ్గులనూ గురించి రాసుకున్నంతగా మనం ఈ ప్రశ్నల గురించి రాసుకోలేదు. మా ఉత్తరాంధ్రలో వీటి జాడ వెతికితే మొదట ఎదురయ్యేది గురజాడే.

'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శనకు వచ్చింది. 1897లో అచ్చయింది. మనమంతా చదువుకునేది గురజాడ తిరగరాసి 1909లో వేసిన ప్రతి. అందులో తెర లేచేది విజయనగరం బొంకులదిబ్బ దగ్గర. క్రిస్మస్ సెలవుల కాలం. సంతలో సామాన్లు కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర పుచ్చుకున్న 20 రూపాయలు గిరీశం సానికి ఖర్చు పెట్టేశాడు. ఊళ్ళో ఉండే వీలు లేక శిష్యుడు వెంకటేశం వెంట అగ్రహారం ప్రయాణం కడుతున్నాడు. ఆ మొదటి మాటలకే మనం నవ్వేస్తాం. కానీ ఆ 20 రూపాయల లెక్క ఒకసారి తీసి చూడాలి. మగవాడి సరదాకి డబ్బు వచ్చింది ఒక విధవ పొయ్యి దగ్గర్నుంచి. పోయింది మేళం నడుపుకునే మరో స్త్రీ ఇంటికి. పసుపు, పువ్వు, రంగుచీర నిషిద్ధమైన కులంలో పుట్టిన స్త్రీ వండి సంపాదించింది. సింగారమే వృత్తిగా ఉన్న కులంలో పుట్టిన స్త్రీ దాన్ని పుచ్చుకుంది. చివరకు పూటకూళ్ళమ్మ చీపురు పట్టుకుని వెళ్ళేది మధురవాణి ఇంటి మీదికే. గిరీశం మాత్రం మంచం కింద దాక్కుని బతికిపోతాడు.

మంచం కింద దాక్కునే మరో మనిషి గురజాడ దగ్గరే ఉంది. తొలి తెలుగు కథగా చాలాకాలం చెలామణీ అయిన 'దిద్దుబాటు' 1910లో వచ్చింది. భండారు అచ్చమాంబ కథలు దానికంటే ముందువని ఇప్పుడు మనకు తెలుసు. ఆ చర్చ నేనిక్కడ తేవడం లేదు. సాని పాట విని గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తాడు. భార్య కమలిని లేదు. పుట్టింటికి పోతున్నానని రాసిన ఉత్తరం ఉంది. అతను లబలబలాడి, బుద్ధి తెచ్చుకున్నాక తెలుస్తుంది, ఆమె ఎక్కడికీ వెళ్ళలేదని, మంచం కిందే ఉందని. పాఠం చెప్పేటప్పుడు మేము దీన్ని చదువుకున్న భార్య గెలుపుగా చెబుతూ వచ్చాం. గెలుపే. అయినా ఆ గెలుపు విస్తీర్ణం ఒక మంచం అడుగు. ఆ రాత్రి వీధిలోకి నిజంగా వెళ్ళింది మగవాడు ఒక్కడే. కమలిని వెళ్ళినట్టు నటించింది, అంతే. ఇక ఆ రాత్రి పాడిన మనిషికి కథలో మాటే లేదు. ఏ చీర కట్టుకుంది, ఎంత పుచ్చుకుంది, తెల్లవారుజామున ఎలా ఇల్లు చేరింది అని అడిగేవాళ్ళు లేరు.

కళావంతుల కుటుంబాల స్త్రీలకు చీర, నగ, పువ్వు, అత్తరు పనిముట్లు. సంగీతం, అభినయం, చదువుతోపాటు అవీ నేర్చుకున్న విద్యలో భాగం. ఆస్తి తల్లి నుంచి కూతురికి వచ్చేది. ఇదంతా స్వేచ్ఛ అని పొగడలేను. పోషకుడైన మగవాడి దయ మీద నడిచే బతుకది. ఆడపిల్లకు వేరే దారి ఎంచుకునే హక్కు లేని బతుకు. కానీ వేశ్యావృత్తి వ్యతిరేకోద్యమం ఆ మగవాడిని వదిలి ఆమె సింగారం మీద, ఆమె రాత్రి మీద పడింది. 1893లో మద్రాసు సంఘసంస్కర్తలు వైస్రాయికీ గవర్నరుకూ విన్నపం పెట్టుకున్నారు, మేళాలున్న విందులకు వెళ్ళవద్దని. తెలుగునాట వీరేశలింగం పంతులుగారి ప్రచారమూ ఆ దారిలోనే సాగింది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని 'రాధికాసాంత్వనం' అచ్చువేయిస్తే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. సంస్కర్త ముందుకు రావడానికి మధురవాణి ఏం చేయవలసి వచ్చిందో గుర్తు చేసుకోండి. సానుల మొహం చూడనన్న సౌజన్యారావు దగ్గరికి ఆమె మగవేషం వేసుకుని వెళ్ళింది. ఆడదాని సింగారం తీసి పక్కన పెడితేగాని ఆమె మాట వినడానికి అతను సిద్ధంగా లేడు. గురజాడ ఆ సంగతి గమనించాడని నా నమ్మకం.

సానుల మేళం ఆగినా పాట ఆగలేదు. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి అధ్యక్షుడు. విజయనగరంలో 1935లో పుట్టిన పి.సుశీల చదువుకున్నది అక్కడే. కుటుంబస్త్రీ గొంతు పగటిపూట తరగతి గదిలో తయారై, రేడియో ద్వారా, సినిమా ద్వారా ప్రతి ఇంటికీ చేరింది. ఇది చాలా పెద్ద మార్పు. మా అమ్మ తరం వాళ్ళు సుశీల పాటలతోనే బతికారు. కానీ పాట మర్యాద సంపాదించుకున్నది పాడే మనిషి ఒళ్ళు, ఆమె రాత్రి శ్రోతకు కనపడకుండా పోయిన తర్వాతే అన్నది మర్చిపోకూడదు.

ఊళ్ళలో చలికాలపు రాత్రులు మాత్రం మగవాళ్ళవిగానే మిగిలాయి. తప్పెటగుళ్ళు మగవాళ్ళ ఆట. జముకులకథలో ఆడమాట మగవాడే చెబుతాడు. తూర్పుభాగవతంలో సత్యభామ జడ వేసుకుని, నడుం తిప్పి, తెల్లవార్లూ ప్రేక్షకుల్ని ఊపేసినవాళ్ళూ ఎక్కువగా మగవాళ్ళే. మగవాడు వేసుకుంటే కళ అనిపించుకున్న జడ, రాత్రిపూట ఆడది వేసుకుని నిలబడితే మరో మాట అయింది. సంక్రాంతికీ, జాతర్లకూ స్టేజీల మీద రికార్డింగ్ డాన్సులు చేసే అమ్మాయిలను చూస్తే నాకు 'దిద్దుబాటు'లోని ఆ పేరులేని గాయనే గుర్తొస్తుంది. ఊరి మగవాళ్ళు చందాలు వేసుకుని పిలుస్తారు. తెల్లారాక ఊరు పాడైపోయిందని వాళ్ళనే తిడతారు.

కొండ మీద లెక్క కాస్త వేరు. సీతంపేట ఏజెన్సీలో సవరలు కొత్త కందులు ఇంటికొచ్చే చలిరోజుల్లో కందికొత్తల పండగ చేసుకుంటారు. అక్కడ ఆడవాళ్ళు ఆట చూసేవాళ్ళు కారు, ఆడేవాళ్ళు. అక్కడ పితృస్వామ్యం లేదని దీనర్థం కాదు. ఆడది రాత్రి ఆరుబయట ఉండటం ప్రకృతి విరుద్ధమన్న మాట మాత్రం ముప్పై, నలభై కిలోమీటర్ల దూరంలోనే అబద్ధమైపోతుంది.

ఇంతవరకు చెప్పినదంతా సింగారం ఉన్నవాళ్ళ సంగతి. చలికాలం పనికాలం కూడా. గోగు కోసి, చెరువుల్లో ఊరవేసి, కుళ్ళిన నీళ్ళలో నిలబడి నార ఒలిచిన చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవి. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు పనికి కూర్చునేముందు చేతులకు నూనో, బూడిదో రాసుకుంటారు. జీడి అంటితే చర్మం కాలిపోతుంది. ఒంటికి నూనె రాసుకోవడమంటే వాళ్ళకు సింగారం కాదు. పప్పు తెల్లగా, విరగకుండా రావాలి. చేతులు నల్లబడితే పట్టించుకునేవాళ్ళు లేరు.

పొందూరు దగ్గర ఈ విషయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, చరఖా మీద వంద కౌంటు దాకా నూలు తీసేది ఆడవాళ్ళు. అక్కడి ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949 నాటిది. గాంధీ మెచ్చిన ఖద్దరని, నాయకులు ఇష్టపడి కట్టే పంచె అని పత్రికలు రాస్తూనే ఉంటాయి. అంత సన్నటి నూలు తీసే వేళ్ళు మెత్తగా ఉండాలి కాబట్టి పొందూరు ఆడవాళ్ళు చేతులు జాగ్రత్తగా చూసుకుంటారని ఒక వ్యాసంలో చదివి నవ్వుకున్నాను. వడికే ఒక పెద్దావిడను నేను అడిగాను, "నువ్వెప్పుడైనా ఈ బట్ట కట్టుకున్నావా అప్పా?" అని. "మేం తీస్తాం, ఆలు కడతారు. మా ఒంటిమీదికి పాలిస్టరే అమ్మీ, ఉతికితే బేగి ఆరిపోద్ది" అంది. అందులో ఫిర్యాదేం లేదు. బొంత మాత్రం చూపించింది. తన పెళ్ళిచీర ముక్క ఎక్కడుందో వేలుపెట్టి చూపించింది.

పోయిన రథసప్తమి ముందురోజు మా అమ్మను శ్రీకాకుళంలో ఒక బ్యూటీపార్లర్‌కి తీసుకెళ్ళాను. అరవై దాటాక అదే ఆవిడ మొదటిసారి అలాంటిచోట కూర్చోవడం. కాళ్ళు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టమంటే, ఇంకొకరు తన కాళ్ళు ముట్టుకుంటారని సిగ్గుపడిపోయింది. "ఆంటీ, ఈ పగుళ్ళు ఒక్కరోజులో పోవు. రోజూ రాసుకోవాలి" అంది ఆ అమ్మాయి. ఇరవై రెండేళ్ళుంటాయేమో. పక్క మండలం నుంచి రోజూ బస్సులో వస్తుంది. మందులు తగిలీ తగిలీ ఆ పిల్ల వేళ్ళ కొసలు పొట్టు రేగి ఉన్నాయి. అమ్మ కాళ్ళు తోముతూ రెండుసార్లు గోడగడియారం వైపు చూసింది. "ఏడున్నర బస్సు తప్పితే మా నాన్న రేపట్నుంచి మానిపించేస్తాడు మేడమ్" అంది. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరినీ ముస్తాబు చేసే పిల్ల. రాత్రిపూట శ్రీకాకుళం ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశావా అని అడిగాను. "చూశానండి, రథసప్తమికి. అప్పుడైతే ఏమనరు" అంది.

ఆ రాత్రి మేమూ అరసవల్లి వెళ్ళాం. అర్ధరాత్రి దాటింది. చలిగాలి వీస్తోంది. లైన్లో ఎక్కడ చూసినా ఆడవాళ్ళే. కొప్పుల్లో చామంతులు, భుజాల మీద తువ్వాళ్ళు, చంకల్లో నిద్రపోతున్న పిల్లలు. కొందరు మెట్ల మీద చతికిలబడి తేగలు ఒలుచుకు తింటున్నారు. ఎవరో ఎవరినో ఆటపట్టిస్తున్నారు. ఎవరూ ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేని రాత్రి అది. దేవుడి పేరు మీద దొరికిన అనుమతి. అటువంటి రాత్రి దేవుడి పేరు లేకుండా, పండగ పేరు లేకుండా, ఒక మామూలు మంగళవారం నాడు ఎందుకు దొరకదన్నది నా ప్రశ్న. మధురవాణి వేసుకున్న మగవేషం అవసరం లేకుండా, కమలిని దూరిన మంచం అవసరం లేకుండా.

అమ్మ చెప్పులు విప్పి, తోమించుకున్న మడమలు లైటు వెలుగులో వంగి చూసుకుంది. "నల్లగానే ఉన్నాయే" అంది, నవ్వుతూ. ఆ పార్లర్ పిల్ల ఆ జనంలో ఎక్కడైనా కనిపిస్తుందేమోనని నేను చాలాసేపు వెతికాను.