స్కోరు

గద్వాల బస్టాండులోనైనా, వనపర్తి కాలేజీ మైదానంలోనైనా, నాగర్‌కర్నూల్ టీకొట్టు దగ్గరైనా ఆట నడుస్తుంటే వినిపించే ప్రశ్న ఒక్కటే: "స్కోరెంతయింది?"

ఇంగ్లీషు నుంచి మనకొచ్చిన ఈ మాటకు వేరు పాత నార్స్ భాషలో ఉంది. అక్కడ 'స్కోర్' అంటే గాటు, లెక్క తప్పకుండా కర్ర మీద కత్తితో పెట్టుకునే గుర్తు. ఇరవైకి ఒక గాటు పెట్టడం వల్ల 'ఇరవై' అనే అర్థమూ వచ్చిందంటారు. తర్వాత అది బాకీల లెక్కకు, ఆపైన ఆటలోని పాయింట్లకు పాకింది.

జేమ్స్ నైస్మిత్ 1891లో బాస్కెట్‌బాల్‌ను రూపొందించినప్పుడు తొలి ఆట స్కోరు 1–0. 1962 మార్చి 2న బాస్కెట్‌బాల్ ఆటగాడు విల్ట్ చాంబర్లిన్ ఒకే ఆటలో ఒక్కడే 100 పాయింట్లు చేశాడు. పట్టిక విప్పి చూస్తే, రెండేసి పాయింట్ల చొప్పున 36 బుట్టలకు 72, ఫ్రీ త్రోలకు 28. అతని ఫిలడెల్ఫియా జట్టు న్యూయార్క్‌పై 169–147తో గెలిచింది.

గద్వాల ప్రాంతపు నడిగడ్డలో గొర్రెల కాపరి పొద్దుగూకాక మందను లెక్కపెట్టేది ఒక్కటీ తప్పిపోకూడదనే. స్కోరు రాసే మనిషి శ్రద్ధా అదే: ఏ ఆటగాడి చెమటా లెక్కకు రాకుండా పోకూడదు.