అహోబిలమున భారన్యాసము

నంద్యాల నుండి ఆళ్ళగడ్డకు పోవు రహదారిపై నేడు వాహనముల వేగమునకు అంతము లేదు. ఆళ్ళగడ్డలో మాత్రము శిల్పుల ఉలిచప్పుడు తన లయను వీడదు. రాతిపని తొందరను సహింపదు. అచటి నుండి నల్లమల వైపు మరలినచో అహోబిలము. విశ్రాంతిని కోరి ఈ కొండలకు వచ్చువారు అనేకులు. జనులకు దూరముగా, కార్యములకు దూరముగా నుండుటయే శాంతియని వారి తలంపు. ఈ క్షేత్రమున వెలసిన మఠము చరిత్ర వేరొక మాట చెప్పుచున్నది.

సంప్రదాయ గణనము ప్రకారము 1398 ప్రాంతమున, మేల్కోటకు చెందిన శ్రీనివాసాచార్యులు ఇచట సన్న్యాసము స్వీకరించి ఆదివణ్ శఠకోప యతీంద్రులైరి. నృసింహస్వామియే యతిరూపమున వచ్చి వారికి ఆశ్రమ మొసగెనని శిష్యుల విశ్వాసము. మాలోల నృసింహుని ఉత్సవమూర్తిని వెంటగొని గ్రామగ్రామమునకు పోయి, జనులకు శరణాగతిని ఉపదేశింపుమని ఆజ్ఞ అయినదట. గుహలో కూర్చుండుమని కాదు, నడువుమని! కావున ఈ మఠాధిపతుల జీవనము ఆదినుండియు సంచారమే. అన్నమాచార్యులును శఠకోపయతి యొద్ద వేదాంతము నభ్యసించిరని ఐతిహ్యము.

నిలుకడ లేని ఈ నడకలో విశ్రాంతి ఎచట? దీనికి సమాధానము వేదాంతదేశికుల (1268–1369) గ్రంథములలో కలదు. తన్ను తాను రక్షించుకొను భారమును ఈశ్వరునియం దుంచుటయే భారన్యాసము. దానికి అంగములు ఐదు: ఆనుకూల్య సంకల్పము, ప్రాతికూల్య వర్జనము, కార్పణ్యము, మహావిశ్వాసము, గోప్తృత్వ వరణము. వీనిలో మనము నిలిచి చూడవలసినది కార్పణ్యము. నేటి తెలుగున ఈ పదము 'కక్షలు కార్పణ్యము'లను జంటలో మాత్రమే మిగిలినది. గీతలో అర్జునుడు దానిని దోషమనెను. ప్రపత్తిశాస్త్రమున అది గుణము. నాకు వేరొక ఉపాయము లేదు, నా సామర్థ్యము ఇంతియే అని గర్వము విడిచి యెరుగుట దాని అర్థము. ఇది ఆత్మనింద కాదు. నిందించుకొనువానికి తాను మరియొకడు కాలేదను పంతము ఇంకను మిగిలియే యుండును.

ప్రహ్లాదుని చూడుడు. భాగవతము సప్తమ స్కంధమున, తాను అసురకులమున, రజస్తమస్సుల నడుమ జన్మించితినని స్వామి యెదుటనే పలికెను. పుట్టుకను దాచలేదు, దానికి కుమిలిపోనూ లేదు. తండ్రి పాపమునకు క్షమాపణ మాత్రము వేడెను. తన కొరకు తనకు చింత లేదనియు, మాయాసుఖములకై భారము మోయు మూఢులను గూర్చియే శోకించుచున్నాననియు అనెను. ఆ 'భార'మును దింపుటయే దేశికులు చెప్పిన న్యాసము.

భారము దింపినవాడు పని మానడు. నిత్యకర్మము యథాతథముగ సాగును. అయితే అది ఇక మోక్షమునకు చెల్లించు మూల్యము కాదు, కైంకర్యము. చేయవలసిన పనులు తగ్గవు. 'చేయకున్న నేనేమగుదును' అను భయము తగ్గును. మన అలసటలో పని పాలెంత, ఆ భయము పాలెంత యని నేను పలుమార్లు లెక్కించుకొనిన వాడనే.

16వ శతాబ్దారంభమున కళింగ దండయాత్రల నడుమ కృష్ణదేవరాయలు అహోబిలమునకు వచ్చి స్వామికి ఆభరణములు సమర్పించినట్లు శాసనము చెప్పుచున్నది. పిదప యుద్ధము సాగెను. ఆయన ఇచట ఏమేమి దింపివెళ్ళెనో శాసనము చెప్పునది సమర్పణల వరకే.

ఎగువ అహోబిలపు మాలోల సన్నిధిలో మూలమూర్తి లక్ష్మీసమేతుడై స్థిరముగా నున్నాడు. ఉత్సవమూర్తి నేటికిని మఠాధిపతితో ఊరూర సంచరించుచునే యున్నాడు.