పరీక్షకు కట్టిన వెల

మన పాఠశాలల చరిత్ర చెప్పుకొనేటప్పుడు భవనాలను, వాటిని కట్టించిన పెద్దలను స్మరిస్తాము. ఆ గదులలో ఏమి బోధించారు, ఎందుకు అదే బోధించారు అని మాత్రం అరుదుగా అడుగుతాము. ఈ ప్రశ్నకు జవాబు కొంతవరకు ఇంగ్లండు చరిత్రలో దొరుకుతుంది.

1861లో న్యూకాసిల్ కమిషన్, బీదల బిడ్డలు చదువను, వ్రాయను, లెక్కలు వేయను సరిగా నేర్వడం లేదని నివేదించింది. మరుసటి సంవత్సరమే రాబర్ట్ లో అను మంత్రి 'రివైజ్డ్ కోడ్' తెచ్చారు. ఆరేండ్లు దాటిన ప్రతి బిడ్డకు పరీక్ష పేరిట పాఠశాలకు 8 షిల్లింగులు. చదువు, వ్రాత, లెక్కలలో ఒక్కొక్కటి తప్పితే 2 షిల్లింగుల 8 పెన్సుల కోత. ఉద్దేశము చెడ్డది కాదు. అందరినీ శ్రద్ధగా చూడాలనే ఆశ, ఖజానాకు పొదుపు చేయాలనే కోరిక, రెండూ అందులో ఉన్నవి.

ఫలితమేమి? డబ్బు తెచ్చే మూడే మిగిలాయి. చరిత్ర, భూగోళము, వ్యాకరణము వెనుకబడ్డాయి. వాచకము కంఠస్థమైనందున పుస్తకము తలక్రిందులుగా పట్టుకొని కూడ 'చదివిన' పిల్లలున్నారని చెప్పుకొనేవారు. 1851 నుండి 1886 వరకు ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డ్, చదవడం నిజంగా రాకుండానే పిల్లలను పరీక్ష గట్టెక్కించవచ్చునని హెచ్చరించారు. విడిచిన విషయాలకు 1867లో వేరే గ్రాంటు పెట్టవలసి వచ్చింది. 1890ల చివరకు ఈ పద్ధతి పూర్తిగా అంతరించింది.

ఈలోగా అది మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. తెలుగు జిల్లాల మిషను బడులకు కూడ ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చారు. 1882 నాటి హంటర్ కమిషన్ దీనిని కళాశాలలకు వర్తింపజేయరాదన్నది. గ్రామపు బడి సంగతి ఆలోచించండి. కోతల కాలములో పొలానికి పోయే కూలివారి బిడ్డ పరీక్షనాటికి వెనుకబడుతాడు. అతని వలన గ్రాంటు రాదు. అట్టి బిడ్డ కొరకే బడి పెట్టినవారికి అతడే భారముగా కనబడే శోధన అక్కడ పుట్టినది.

ఆ గ్రాంటు పోయినది గాని ఆ శోధన పోలేదు. నేడు మన కమిటీలలో మొదట చదివేది పదవ తరగతి ఉత్తీర్ణత శాతమే. పరీక్షలు వద్దని నేననను. అవి లేనిచోట బీదవాని బిడ్డను పట్టించుకోకపోయినా అడిగేవారుండరు. అయితే శాతము విన్న తరువాత మరి రెండు ప్రశ్నలు వేద్దాము: పరీక్షలో లేనిది ఏమి నేర్పితిమి? పరీక్షకు ముందే బడి విడిచిన బిడ్డ ఎవరు?