ఓలావ్ రాజు సమాధి

నార్వే దేశమున ట్రాన్‌హైమ్ నగరంలోని నీదరోస్ కెథెడ్రల్‌లో మేము దేశరక్షకుడైన పునీత ఓలావ్ రాజు సమాధి కోసం వెదకినాము.

ఓలావ్ శాంతమూర్తి కాడు. క్రీస్తుమతాన్ని బోధనతోనే గాక ఖడ్గంతోనూ వ్యాపింపజేశాడు. 1030లో స్టిక్లెస్టాడ్ రణరంగంలో స్వదేశపు దొరలూ రైతులే ఆయనను హతమార్చారు. మరుసటి సంవత్సరమే బిషప్ గ్రిమ్‌కెల్ ఆయనను పునీతుడని ప్రకటించాడు! ఈలోగా డేనిష్ పాలన రుచి చూచిన జనుల మనస్సు మారినదని మా ఊహ. ఎదిరించి పోరాడిన సీమే యాత్రాస్థలమైనది. నేటికీ నార్వే రాజచిహ్నంలోని సింహం పట్టిన గొడ్డలి ఓలావ్‌దే.

1537లో మతసంస్కరణ వచ్చినది. ఆయన వెండి పేటికను కోపెన్‌హాగెన్‌కు తరలించి కరిగించారు. భౌతికకాయాన్ని చివరకు ఈ కెథెడ్రల్‌లోనే ఎక్కడనో పూడ్చారు. 1568 తరువాత ఆ చోటు ఎవరికీ తెలియదు. ఏ రాతిపై అడుగు వేస్తున్నామో తెలియక మేము మెల్లగా నడిచి బయటకు వచ్చాము.