మోటారు రేసింగ్ ప్రమాదాలు: బెంగళూరు రేసర్ల భద్రత, అత్యవసర స్పందన

2023 ఆగస్టు 5న బెంగళూరుకు చెందిన పదమూడేళ్ల మోటారు సైకిల్ రేసర్ శ్రేయస్ హరీశ్ చెన్నై దగ్గరి మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో జరిగిన ప్రమాదంలో మరణించాడు. అదే ఏడాది అదే ట్రాక్ మీద జరిగిన రెండో మరణం అది. దీంతో భారత మోటారు రేసింగ్‌లో రైడర్ల వయసు, రక్షణ సామగ్రి, ట్రాక్ నిర్మాణం, వైద్య బృందాల సన్నద్ధత గురించి తీవ్రమైన చర్చ మొదలైంది. రేసింగ్ చరిత్రను పరిశీలిస్తే, ప్రమాదంలో ఇరుక్కున్న మనిషి బతుకుతాడా లేదా అన్నది చాలావరకు రేసు మొదలుకాకముందు జరిగిన ఏర్పాట్ల మీదే ఆధారపడి ఉంటుందని అర్థమవుతుంది.

బెంగళూరు, రేసింగ్

మోటారు క్రీడల్లో బెంగళూరుకు పెద్ద పేరుంది. డకార్ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్ (2015), 2019లో ఎఫ్‌ఐఎం బాజా (క్రాస్ కంట్రీ ర్యాలీ) ప్రపంచ కప్ మహిళల విభాగంలో విజేతగా నిలిచిన ఐశ్వర్య పిస్సే, ఫార్ములా 2 వరకు ఎదిగిన సోదరులు అర్జున్ మైని, కుశ్ మైని ఈ ఊరివారే. కర్ణాటక మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నిర్వహించే కె-1000 ర్యాలీ దేశంలోని పాత ర్యాలీలలో ఒకటి. అయినా నగరంలో అంతర్జాతీయ స్థాయి శాశ్వత సర్క్యూట్ లేదు. చిన్నపిల్లలు కార్టింగ్ ట్రాకుల మీద ఓనమాలు దిద్దుకుని, అసలు రేసుల కోసం కోయంబత్తూరులోని కారి మోటార్ స్పీడ్‌వేకో, చెన్నై–బెంగళూరు రహదారిలో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ సర్క్యూట్‌కో వెళ్తుంటారు. మద్రాస్ సర్క్యూట్ మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆధ్వర్యంలో నడుస్తుంది. దాని పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు.

దేశంలో ఈ క్రీడను నియంత్రించే సంస్థ ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా (ఎఫ్‌ఎంఎస్‌సీఐ). దీనికి కార్ల రేసుల ప్రపంచ సంస్థ ఎఫ్‌ఐఏతోనూ, మోటారు సైకిల్ రేసుల ప్రపంచ సంస్థ ఎఫ్‌ఐఎంతోనూ అనుబంధం ఉంది. పోటీదారులకు లైసెన్సులు ఇవ్వడం, జాతీయ పోటీలకు నిబంధనలు రూపొందించడం దీని బాధ్యత.

2023 నాటి రెండు మరణాలు

ఆ ఏడాది జనవరి 8న జాతీయ కార్ల రేసింగ్ ఛాంపియన్‌షిప్‌లో భాగమైన సెలూన్ కార్ల రేసులో సీనియర్ డ్రైవర్ కె.ఇ. కుమార్ (59) కారు మరో కారును తాకి, ట్రాక్ వదిలి కంచెను ఢీకొని పల్టీ కొట్టింది. రేసును వెంటనే ఆపేశారు. ఆయన్ను కారులోంచి బయటకు తీసి, సర్క్యూట్‌లోని వైద్య కేంద్రంలో పరీక్షించి ఆసుపత్రికి తరలించారు. అయినా ప్రాణం దక్కలేదు.

ఏడు నెలల తర్వాత జాతీయ మోటారు సైకిల్ రేసింగ్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండ్‌కు శ్రేయస్ వచ్చాడు. అతను 2010 జులై 26న పుట్టాడు. ఆ సీజన్‌లో వరుస విజయాలతో ఉన్నాడు. స్పెయిన్‌లో మినీజీపీ రేసుల్లోనూ పాల్గొన్నాడు. మలేసియాలోని సెపాంగ్‌లో జరగాల్సిన పోటీలకు సిద్ధమవుతున్నాడు. ఆ శనివారం ఉదయం రూకీ విభాగం అర్హత పోటీలో అందరికన్నా ముందు నిలిచాడు. రేసు మొదలైన కాసేపటికే తొలి మలుపు దాటుతూ కింద పడ్డాడు. తలకు తీవ్ర గాయమైంది. వెంటనే ఎర్రజెండా చూపి రేసు ఆపారు. ట్రాక్ దగ్గరే సిద్ధంగా ఉన్న ట్రామా అంబులెన్సులో ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి వైద్యులు అతను మరణించాడని ప్రకటించారు. ఆ శని, ఆదివారాల్లో మిగిలిన రేసులన్నిటినీ మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ రద్దు చేసింది.

రెండు సందర్భాల్లోనూ రేసు ఆగింది, అంబులెన్సు వచ్చింది. అందుకే ఈ ఘటనలను చూసేటప్పుడు సహాయం ఎంత వేగంగా అందిందన్న దగ్గరే ఆగిపోకూడదు. ఆ దెబ్బ అంత బలంగా తగలకుండా ముందే ఏం చేయవచ్చన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

తొలి నిమిషాల్లో జరగాల్సిన పని

రైడర్ పడిపోగానే ఎదురయ్యే మొదటి ముప్పు వెనక నుంచి వచ్చే బండ్లు. తొలి మలుపు దగ్గర అందరూ గుంపుగా వస్తారు కాబట్టి అక్కడ ఈ ముప్పు మరీ ఎక్కువ. దగ్గరి పోస్టులోని మార్షల్ (ట్రాక్ పక్కన ఉండే భద్రతా సిబ్బంది) పసుపు జెండా ఊపి వెనకవారిని హెచ్చరించాలి. రేసు ఆపాల్సిన పరిస్థితి ఉంటే రేస్ కంట్రోల్ ఎర్రజెండా ఇస్తుంది. మార్షల్ అయినా సరే, అనుమతి లేకుండా ట్రాక్ దాటకూడదు. 1977లో దక్షిణాఫ్రికాలోని క్యాలమి ట్రాక్ మీద మంటలార్పే సిలిండర్ పట్టుకుని అడ్డంగా పరుగెత్తిన పందొమ్మిదేళ్ల మార్షల్‌ను డ్రైవర్ టామ్ ప్రైస్ కారు ఢీకొట్టడంతో ఇద్దరూ చనిపోయారు.

ఆ తర్వాత బాధ్యత వైద్య బృందానిది. ఊపిరి ఆడుతోందా, రక్తస్రావం ఉందా అని ముందు చూడాలి. మెడ కదలకుండా పట్టుకోవాలి. హెల్మెట్ తీయాల్సి వస్తే ఒకరు తల, మెడ పట్టుకుని ఉండగా మరొకరు మెల్లగా తీయాలి. కారులో ఇరుక్కున్న డ్రైవర్‌ను బయటకు తీయడం వేరే విద్య. దానికి ప్రత్యేక శిక్షణ పొందిన బృందం ఉండాలి. తలకు దెబ్బ తగిలితే నాడీ శస్త్రచికిత్స సౌకర్యమున్న ఆసుపత్రికే చేర్చాలి. ఆ ఆసుపత్రిని ముందే ఎంచుకుని, అక్కడి వైద్యులకు ముందే కబురు పెట్టి ఉంచాలి.

విఫలమైన స్పందనలు, వాటి పాఠాలు

1973 జులై 29న నెదర్లాండ్స్‌లోని జాండ్వోర్ట్‌లో రోజర్ విలియమ్సన్ కారు తిరగబడి మంటల్లో చిక్కుకుంది. తోటి డ్రైవర్ డేవిడ్ పర్లీ తన కారు ఆపి ఒంటరిగా దాన్ని నిలబెట్టే ప్రయత్నం చేశాడు. అక్కడి మార్షల్స్‌కు మంటలను తట్టుకునే దుస్తులు లేవు. రేసు మాత్రం ఆగలేదు. విలియమ్సన్ కారులోనే చనిపోయాడు. మనుషులు దగ్గరే ఉన్నా, పరికరాలూ శిక్షణా లేకపోతే వారు చేయగలిగింది ఏమీ ఉండదని ఆ రోజు ప్రపంచం చూసింది.

1978 సెప్టెంబరు 10న ఇటలీలోని మోంజాలో రేసు మొదట్లోనే జరిగిన ప్రమాదంలో డ్రైవర్ రోనీ పీటర్సన్ కాళ్లు విరిగాయి. అంబులెన్సు చేరడానికి పావుగంటకు పైగా పట్టింది. మర్నాడు ఆయన మరణించాడు. ఫార్ములా 1 వైద్యుడు సిడ్ వాట్కిన్స్ పట్టుబట్టడంతో, తొలి ల్యాప్‌లో డాక్టరుతో కూడిన వైద్య కారు రేసు కార్ల వెనకే వెళ్లే పద్ధతి వచ్చింది. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో రొమాన్ గ్రోజాన్ కారు తొలి ల్యాప్‌లోనే రెండు ముక్కలై మండిపోయింది. ఆ కారు వెనకే వస్తున్న వైద్య కారు క్షణాల్లో చేరింది. దాదాపు అర నిమిషం మంటల్లో ఉన్న గ్రోజాన్ ప్రాణాలతో బయటపడ్డాడు. డ్రైవర్ తలను కాపాడే హేలో చట్రం, మంటలను తట్టుకునే దుస్తులు, పీటర్సన్ మరణం నేర్పిన ఆ పద్ధతి అన్నీ కలిసి ఆయన్ను కాపాడాయి.

2014 అక్టోబరులో జపాన్‌లోని సుజుకాలో వర్షం పడుతుండగా, పాడైన కారును తొలగిస్తున్న క్రేన్ వాహనాన్ని డ్రైవర్ జూల్స్ బియాంకి ఢీకొన్నాడు. తొమ్మిది నెలలు స్పృహ లేకుండా ఉండి మరణించాడు. ఎఫ్‌ఐఏ ఏర్పాటు చేసిన నిపుణుల బృందం విచారణ జరిపింది. 2015లో, ప్రమాదం జరిగితే ట్రాక్ మీది కార్లన్నీ వేగం తగ్గించాల్సిన వర్చువల్ సేఫ్టీ కార్ నియమం వచ్చింది.

సహాయం సిద్ధంగా లేకపోతే పోటీనే ఆపాలన్న నియమమూ అమలవుతోంది. 2020లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో పొగమంచు వల్ల వైద్య హెలికాప్టర్ ఎగరలేకపోవడంతో శుక్రవారం సాధన మొత్తం రద్దయింది.

ఎడారి ర్యాలీలో బెంగళూరు అనుభవం

2021 జనవరి 6న సౌదీ అరేబియాలో డకార్ ర్యాలీ నాలుగో దశలో సంతోష్ పడిపోయాడు. తలకు గాయమైన ఆయన్ను హెలికాప్టర్‌లో రియాద్ ఆసుపత్రికి తరలించి, మందులతో కోమాలో ఉంచి చికిత్స చేశారు. తర్వాత కోలుకున్నాడు. వందల కిలోమీటర్ల ఎడారిలో ఇది సాధ్యం కావడానికి కారణాలున్నాయి. ప్రతి బండికీ జాడ తెలిపే పరికరం ఉంటుంది, ఆకాశంలో హెలికాప్టర్లు తిరుగుతుంటాయి. గాయపడినవారి దగ్గర ఆగిన రైడర్ కోల్పోయిన సమయాన్ని తిరిగి కలుపుతారు కాబట్టి, సాయం చేసినందుకు ఎవరూ నష్టపోరు. ఆ ఏడాదే రైడర్లకు ఎయిర్‌బ్యాగ్ జాకెట్ తప్పనిసరి అయింది. ఐశ్వర్య పిస్సే కూడా 2018లో స్పెయిన్‌లోని బాజా అరగాన్‌లో పడి క్లోమం చిట్లే స్థాయిలో గాయపడింది. మరుసటి ఏడాదే తిరిగొచ్చి ప్రపంచ కప్ గెలిచింది.

బాల రేసర్ల రక్షణ

2021లో యూరప్‌లో ముగ్గురు యువ రైడర్లు మరణించారు. జేసన్ డుపాస్కియెకు 19 ఏళ్లు, హ్యూగో మియాన్‌కు 14, డీన్ బెర్తా విన్యాలెస్‌కు 15. ఎఫ్‌ఐఎం ఆ తర్వాత కనీస వయోపరిమితులను పెంచి, జూనియర్ రేసుల్లో ఒకేసారి దిగే బండ్ల సంఖ్యను తగ్గించింది.

పిల్లల విషయంలో పెద్దల కొలతలు పనికిరావు. తలకు సరిగ్గా సరిపోని హెల్మెట్ కింద పడగానే ఊడిపోయే ప్రమాదముంది. పిల్లలు ఎదిగే కొద్దీ హెల్మెట్ కొలత మారుతుంది కాబట్టి ప్రతి రేసుకు ముందూ గడ్డం పట్టీ సహా దాన్ని పరీక్షించాలి. బండి బరువు, ఇంజిన్ శక్తి పిల్లల వయసుకూ అనుభవానికీ తగినట్టు ఉండాలి. 2018 నుంచి మోటోజీపీలో తప్పనిసరైన ఎయిర్‌బ్యాగ్ సూట్లు పిల్లల పోటీల్లోకీ రావాలి. వాటి ధర కుటుంబాలకు భారమైతే తయారీ సంస్థలూ నిర్వాహకులూ ఆ ఖర్చు భరించాలి.

నగర వీధుల్లో రేసులు

2022 నవంబరులో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద ఇండియన్ రేసింగ్ లీగ్ తొలి పోటీలు పూర్తి కాకుండానే ఆగిపోయాయి. డిసెంబరులో అక్కడే సాధారణ వాహనాలు రేసు మార్గంలోకి వచ్చేశాయి. ప్రజలు తిరిగే వీధిని కొన్ని రోజుల కోసం సర్క్యూట్‌గా మార్చినప్పుడు రాకపోకల నియంత్రణ కూడా ప్రాణరక్షణలో భాగమే. 2024 ఆగస్టు 31న చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర జరగాల్సిన రాత్రి రేసు, ఎఫ్‌ఐఏ ధ్రువీకరణ వచ్చేదాకా ఆలస్యమైంది. ప్రేక్షకులకు విసుగు కలిగినా, ఆ ఆగడమే సరైన పద్ధతి.

చేయాల్సినవి

మరణం జరిగిన ప్రతి ఘటన మీదా స్వతంత్ర విచారణ జరగాలి, నివేదిక బయటకు రావాలి. బియాంకి ప్రమాదం తర్వాత నియమాలు మారింది విచారణ వల్లే. స్వచ్ఛందంగా ఎండలో నిలబడే మార్షల్స్‌కు ఏటా శిక్షణ ఇచ్చి, వైద్య బృందంతో కలిసి కసరత్తు చేయించాలి. వైద్య బృందం సిద్ధంగా లేని రోజున, స్పాన్సర్లూ ప్రేక్షకులూ ఎదురుచూస్తున్నా, రేసు మొదలుపెట్టకూడదు. బెంగళూరు తల్లిదండ్రులు పిల్లలను ట్రాక్‌కు పంపేముందు అక్కడి డాక్టరు ఎవరో, ఆసుపత్రి ఏదో, రక్షణ ఏర్పాట్లేమిటో అడిగి తెలుసుకోవడం వారి హక్కు. సమాధానం సిద్ధంగా ఉంచుకోవడం నిర్వాహకుల బాధ్యత.